క్లచ్చు లేని చోట

ఓబుళేశును కారు చంపిందని పోలీసు కాగితంలో రాశారు. దాని కింద ఇంకో వాక్యం చేర్చారు, డ్రైవరు అజాగ్రత్త అని. రాసినవాళ్ళూ, రాయించినవాళ్ళూ, రాస్తుంటే పక్కన టీ తాగుతూ నిలబడినవాళ్ళూ, మీతోనే మాట్లాడుతున్నాను. ముప్పై ఒక్క ఏళ్ళు మూడు పెడళ్ళ బండి నడిపిన మనిషికి పది నిమిషాలు బోధ చేసి రెండు పెడళ్ళ బండి తాళం చేతిలో పెట్టింది ఎవరు? పది రోజుల గడువు పెట్టి, కుదుపు లేకుండా నడిపితే ఉంటావు, లేకపోతే ఇంటికి పోతావు అన్నది ఎవరు? బండల యార్డులో మనిషి లేని కార్లను చేత్తో తోసే అలవాటును ఇరవై ఏళ్ళుగా కళ్ళారా చూస్తూ ఊరుకున్నది ఎవరు? కారుకు అజాగ్రత్త ఉండదు. ఓబుళేశుకూ లేదు. ఉన్నది మీకు. ఆ పదో రోజు ఏం జరిగిందో చెబుతాను. అడ్డం రాకుండా వినండి.

పొద్దున ఆరున్నరకు ఓబుళేశు కారు తుడుస్తున్నాడు. కల్లూరులో కొత్తగా లేచిన ఇళ్ళ వరసలో నాలుగోది రాఘవేంద్రప్రసాద్ ఇల్లు. బేతంచెర్లలో బండలు కోసి పాలిష్ పట్టే ఫ్యాక్టరీ ఆయనది. పోర్టికోలో తెల్లటి చిన్న కారు. తడిగుడ్డతో బానెట్టు తుడిచి, అద్దం తుడిచి, తలుపు తీసి లోపలికి వంగాడు. వంగినవాడు అట్లాగే ఆగిపోయాడు. డ్రైవరు కాళ్ళ దగ్గర నల్లటి చాప మీద తెల్లటి రాతిపొడి. అందులో ఒక ఎడమ పాదం ముద్ర. మడమ తేలికగా, ముందు భాగం లోతుగా. క్లచ్చు ఉండాల్సిన చోట.

నిన్న సాయంత్రం కూడా అదే ముద్రను తుడిచాడు. మొన్నా తుడిచాడు. ఇప్పుడూ తుడిచాడు.

ఓబుళేశు పొట్టి మనిషి. యాభై ఎనిమిదేళ్ళు. మెడ మడతల్లో ఎంత రుద్దినా పోని తెలుపు. కుడి పిక్క కంటే ఎడమ పిక్క లావు, రెండు కాళ్ళూ ఇద్దరు మనుషులవి అన్నట్టు. పాత కారు క్లచ్చు గట్టిది. దాన్ని తొక్కీ తొక్కీ ఎడమ చెప్పు అరిగిపోయేది, బొటనవేలి కింద గుండ్రంగా, వెలుతురు కనపడేదాకా. కుడి చెప్పు మాత్రం ఇంకో రెండేళ్ళు నడిచేట్టు ఉండేది. జత మార్చినప్పుడల్లా అతని భార్య గురమ్మ ఆ కుడి చెప్పును పారెయ్యలేక అటక మీద పెట్టేది. అక్కడ పదకొండు ఉన్నాయి. అన్నీ కుడివే. కొత్తవాళ్ళు అటక వైపు చూస్తే, ఒంటికాలి మనుషులు పదకొండు మంది ఆ ఇంట్లోకి వచ్చి మళ్ళీ బయటికి పోలేదనుకుంటారు.

అతని బతుకులో చెప్పుకోదగ్గది ఏమీ లేదు. కోడుమూరు దగ్గర వాన కోసం ఆకాశం చూసే నాలుగు ఎకరాలు వదిలి, బండల లారీ మీద క్లీనరుగా ఎక్కాడు. లారీ నడపడం నేర్చాడు. తర్వాత రాఘవేంద్రప్రసాద్ వాళ్ళ నాయన చిన్న కారు కొంటే దాని మీదికి వచ్చాడు. ఆ పెద్దాయనను ఆఖరిసారి ఆస్పత్రికి తీసుకుపోయింది అతనే. రాఘవేంద్రప్రసాద్ కోడలు శ్రీవిద్యను పెళ్ళయిన మర్నాడు రైల్వే స్టేషను నుంచి ఇంటికి తెచ్చిందీ అతనే. ఒక్క మనిషికి గీత పడలేదు. ఒక్క కుక్క కూడా చావలేదు. అట్లాంటి బతుకును ఎవరూ రాయరు. పోయినప్పుడు మాత్రం అజాగ్రత్త అని రాస్తారు.

కొత్త కారు వచ్చిన రోజు షోరూము కుర్రాడు బోధ చేశాడు. రెండే పెడళ్ళు అంకుల్, బ్రేకు తొక్కండి, లీవరు డి లో పెట్టండి, బ్రేకు వదలండి, అంతే, చిన్నపిల్లలు కూడా నడుపుతారు అన్నాడు. ఓబుళేశు బ్రేకు వదిలాడు. కారు కదిలింది. అతను ఇంకా ఏ పెడలూ తొక్కలేదు. మెల్లగా, ఎవరో తాడు కట్టి లాగుతున్నట్టు గేటు వైపు పోయింది.

"నేను చెప్పకముందే పోతాండాది సార్" అన్నాడు ఓబుళేశు.

రాఘవేంద్రప్రసాద్ నవ్వాడు. షోరూము కుర్రాడు ఇంకా గట్టిగా నవ్వాడు. నవ్వడంతోనే ఆ పాఠం అయిపోయింది.

పాత కారులో ఇంజను బతికి ఉందా, గేరు పడిందా, బండి కదలాలా ఆగాలా, అన్నీ ఎడమ పాదానికి తెలిసేవి. క్లచ్చు సగం వదిలితే కింద సన్నటి వణుకు వచ్చేది. ఆ వణుకే బండి మాట. కొత్త కారులో ఆ మాట లేదు. ఒకటో గేరు నుంచి రెండోదానికి మారేటప్పుడు కారు ఒక్క క్షణం ఊపిరి బిగబట్టేది. తల ముందుకు వాలేది. లోపల ఎవరో కాసేపు ఆలోచించి, అప్పుడు గేరు మార్చినట్టు ఉండేది.

ఓర్చుకోలేక మూడో రోజు కల్లూరు మెకానిక్కు నారాయణను అడిగాడు. నారాయణ గుడ్డతో చేతులు తుడుచుకుంటూ చెప్పాడు.

"క్లచ్చు యాడికీ పోలేదప్పా. లోపలే ఉండాది. గేర్లు కూడా మన పాతవే. తొక్కేది మాత్రం నువ్వు కాదు."

"మరెవరు?"

నారాయణ స్పానరు కోసం వెతికి, దొరికినాక, మిషను అన్నాడు.

ఆ రోజు నుంచి ఓబుళేశుకు చాప కింద ఒక చప్పుడు వినపడసాగింది. గేరు మారే ప్రతిసారీ చిన్నగా, టక్ అని. సరిగ్గా ఆ క్షణానే అతని ఎడమ కాలు కిందికి పోయేది. చప్పుడు విని కాలు పోతున్నదో, కాలు పోయినందుకు చప్పుడు వస్తున్నదో అతనికి తేలలేదు.

వచ్చిన చిక్కు అది కాదు. అక్కడ క్లచ్చు లేదు కాబట్టి ఆ కాలు పక్కకు జరిగి బ్రేకు మీద పడేది. క్లచ్చును తొక్కే బలంతో బ్రేకును తొక్కితే ఏమవుతుందో నడిపినవాళ్ళకు తెలుసు. కారు ముక్కు నేలకు తగిలినట్టు ఆగేది. తొమ్మిది రోజుల్లో రెండుసార్లు అట్లా జరిగింది. రెండోసారి వెనక కూర్చున్న రాఘవేంద్రప్రసాద్ చేతిలో ఫోను ఎగిరి ముందు అద్దానికి తగిలింది.

కారు చెడ్డదని నేను అనను. శ్రీవిద్యను అడగండి. పాత కారులో ఓబుళేశే ఆమెకు డ్రైవింగు నేర్పాడు. కర్నూలులో రాజ్ విహార్ సెంటరు దగ్గర సిగ్నలు పచ్చబడేది, ఆమె క్లచ్చు తొందరగా వదిలేది, బండి ఆగిపోయేది, వెనక నలభై హారన్లు. నాలుగోసారి ఏడ్చి, ఇక ముట్టనని చెప్పింది. కొత్త కారు వచ్చిన మర్నాడు ఒక్కతే కర్నూలు పోయి, కూరగాయలు తెచ్చి, పోర్టికోలో దిగి, ఇన్నాళ్ళూ నాకు రాదనుకున్నాను ఓబుళేశన్నా, రానిది నాకు కాదు, ఆ పెడలుకు అని నవ్వింది. ఓబుళేశుకు సంతోషమయింది. నిజంగానే అయింది. ఆ సంతోషంలోనే అర్థమయింది, ఇక ఆ ఇంటికి డ్రైవరు అక్కర్లేదని.

రాఘవేంద్రప్రసాద్ దాన్ని నోటితో చెప్పాడు. కోడలే నడుపుకుంటుంది, అయినా పాతవాడివి కాబట్టి పది రోజులు చూస్తాను, ఒక్క కుదుపు లేకుండా ఫ్యాక్టరీకి తీసుకుపోయి తీసుకొస్తే ఉండు అన్నాడు. మేలు చేస్తున్నానని అనుకునే అన్నాడు.

స్టీరింగు లేకపోతే ఈ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో ఓబుళేశుకు తెలియదు. ఇంట్లో కూర్చున్న ఆదివారాల్లో కూడా అవి మోకాళ్ళ మీద గుండ్రంగా ముడుచుకునే ఉండేవి. ఆ పొద్దున అతను బయల్దేరేటప్పుడు గురమ్మ సద్ది గిన్నె మూత బిగిస్తూ అడిగింది.

"నిద్దర్లో ఒగటే తొక్కుతాండావు. నా పిక్కలు కమిలిపోయినాయి. యాడికి పోతాండావు అంతగనం?"

"బేతంచెర్లకే. ఇంకేడికి పోతా."

"నన్ను తొక్కితే బేతంచెర్ల వస్తాదా?"

అతను నవ్వాడు. వాకిలి దిగుతూ ఎడమ చెప్పు వైపు చూసుకున్నాడు. పన్నెండో జత. అప్పుడే అతనికి ఆ ఉపాయం తట్టింది.

పోర్టికోలో పాదం ముద్ర తుడిచేసినాక ఎడమ చెప్పు విడిచాడు. దాన్ని క్లచ్చు ఉండాల్సిన చోట మడమ భాగం కింద ఆనించి, ముందు భాగం పైకి వాలేట్టు నిలబెట్టాడు. సీట్లో కూర్చుని పాదం పెట్టి నొక్కాడు. రబ్బరు వంగింది. వదిలితే లేచింది. మళ్ళీ నొక్కాడు. కాలు నెమ్మదించింది. పది రోజుల తర్వాత ఆ కాలికి ఒక పని దొరికింది.

ఎనిమిదికి బయల్దేరారు. రాఘవేంద్రప్రసాద్ వెనక, శ్రీవిద్య ముందు ఎడమ సీట్లో. హైవే మీద నున్నగా పోయింది. చాప కింద టక్ మన్నప్పుడల్లా ఎడమ పాదం చెప్పును తొక్కింది, బ్రేకు జోలికి పోలేదు. వెల్దుర్తి దాటి బేతంచెర్ల దారి పట్టారు. ఎర్రమల గుట్టల ఎగువలో బండల లారీ ఒకటి మెల్లగా పాకుతూ, పాకుతూ, ఆగింది. దాని వెనక ఓబుళేశు ఆపాడు.

ఆ ఎగువలో పాత కారును అతను బ్రేకు లేకుండానే నిలబెట్టేవాడు. క్లచ్చు సగం, యాక్సిలరేటరు చిటికెడు. ముకుతాడు పట్టుకుని కోడెను నిలబెట్టినట్టు. అదే నమ్మకంతో ఇప్పుడు చెప్పు మీద కాలు సగం ఎత్తాడు, బ్రేకు వదిలాడు. కారు వెనక్కి జారింది. ఒక గజం. వెనక మోటారు సైకిలువాడు అరిచాడు. ఓబుళేశు కుడి కాలితో బ్రేకు పట్టి, ఊపిరి తీసుకుని, యాక్సిలరేటరు మీదికి పోయాడు. కారు ఒక క్షణం ఆలోచించింది. తర్వాత ఎక్కింది. కుదుపు రాలేదు. వెనక సీట్లో ఫోను మాటలు ఆగలేదు.

శ్రీవిద్య మాత్రం కిందికి చూసింది.

"ఏందన్నా అది?" అంది, మామకు వినపడకుండా.

"నా క్లచ్చు తల్లీ."

"నొక్కితే ఏమైతాది?"

"ఏం కాదు. నాకు ధైర్నమైతాది."

ఆమె నవ్వబోయి మానేసింది. ఆ పాదం కిందికి పోవడం, అదే క్షణాన గేరు మారడం ఆమె చూసింది. బేతంచెర్ల వచ్చేదాకా చూస్తూనే ఉంది. ఒక్కసారి కూడా తప్పలేదు. చూసేకొద్దీ ఆమెకు చేతుల మీద రోమాలు లేచాయట. తర్వాత ఆమే చెప్పింది.

ఊళ్ళోకి వస్తుండగా వెనక నుంచి రాఘవేంద్రప్రసాద్ ఆవలించాడు. ఈ రోజు నీ బండిలో కునుకు పట్టింది ఓబుళేశూ అన్నాడు. అంతే అన్నాడు. ఉద్యోగం ఉందని దానర్థం. ఓబుళేశు అద్దంలో ఆయన ముఖం చూశాడు, రోడ్డు చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి.

ఫ్యాక్టరీ యార్డు ఎప్పటిలాగే తెల్లగా ఉంది. నేల తెలుపు, రేకుల కప్పు తెలుపు, వేపచెట్టు తెలుపు. మనుషులు పొద్దున నల్లగా వచ్చి పదింటికల్లా తెల్లబడతారు, కనురెప్పలతో సహా. దూరం నుంచి చూస్తే ఎవరు బతికినవాళ్ళో, ఎవరు సగం చెక్కి వదిలిన రాళ్ళో తెలియదు. పాలిష్ పట్టిన బండలను అంచుల మీద నిలబెట్టి, ఒకదానికి ఒకటి ఆనించి, మనిషెత్తు వరసలుగా పేర్చి ఉంచుతారు. నీళ్ళు పోవడానికి నేలను ఆ వరసల వైపు కొంచెం వాలుగా చేశారు.

ఇప్పుడు ఆ యార్డు అలవాటు చెప్పాలి. చోటు తక్కువ. లారీ వెనక్కి వస్తే కారు జరగాలి. డ్రైవరు టీకి పోయి ఉంటాడు. అందుకని అక్కడ ప్రతి డ్రైవరూ బండిని న్యూట్రల్లో పెట్టి, చక్రం కింద బండముక్క పెట్టి, అద్దం దించి పోతాడు. లారీ వస్తే హమాలీ ఒకడు కిటికీలోంచి చెయ్యి పెట్టి హ్యాండుబ్రేకు దించుతాడు, ఇంకొకడు బండముక్క లాగుతాడు, తోస్తారు. ఏసీ కోసం ఇంజను నడుస్తూ ఉన్నా తోస్తారు. ఎందుకంటే ఇంజను నడుస్తూ, లోపల మనిషి లేకుండా, బండి నిలబడి ఉందంటే అది న్యూట్రల్లో ఉన్నట్టే. గేరులో ఉంటే క్లచ్చు వదిలినప్పుడే దూకి ఆగిపోయి ఉండేది. మూడు పెడళ్ళ బండి అబద్ధం ఆడదు. ఇరవై ఏళ్ళు ఆ అలవాటు ఎవరి గోరూ చిట్లించలేదు.

ఓబుళేశు బండల వరసకు రెండు గజాల దూరంలో కారు ఆపాడు. కుడి కాలితో బ్రేకు. ఎడమ కాలితో చెప్పు. చేత్తో లీవరును పట్టుకుని అటూ ఇటూ ఊపి చూశాడు, లక్షసార్లు ఊపినట్టే. లీవరు తేలికగా ఊగింది. ఈ కారులో అది ఎక్కడున్నా తేలికగానే ఊగుతుంది. హ్యాండుబ్రేకు లాగాడు. ఎడమ పాదాన్ని చెప్పు మీద నుంచి మెల్లగా ఎత్తాడు. బండి దూకలేదు, ఆగిపోలేదు. న్యూట్రల్ అని కాలు చెప్పింది. మీటర్ల మధ్యన గోరంత డి అక్షరం, బండి ఇంకా గేరులోనే ఉందని, వెలుగుతూ ఉంది. ఆ తెల్లటి ఎండలో అది కనపడదు.

రాఘవేంద్రప్రసాద్ దిగబోతూ, ఏసీ ఆపొద్దు, అయిదు నిమిషాల్లో క్వారీకి పోదాం అన్నాడు. ఓబుళేశు గబగబా దిగి వెనక తలుపు తీశాడు. ఇన్నేళ్ళుగా సావుకారి తలుపు సావుకారి చేత తీయించలేదు. ఎడమ చెప్పు లోపలే ఉండిపోయింది. మామాకోడళ్ళు ఆఫీసులోకి పోయారు. అతను ముందు చక్రం కింద బండముక్క పెట్టి, ఒక కాలికి చెప్పుతో, ఒక కాలు బోసిగా, తెల్లటి నేల మీద నిలబడ్డాడు.

హమాలీ బొజ్జన్న చూశాడు.

"ఏమప్పా, ఇంగో కాలి చెప్పు యాడ పెట్టొచ్చినావు?"

"బండ్లోనే ఉండాది. అది ఇంకా పని చేస్తాండాది."

ఇద్దరూ నవ్వారు. అతను మాట్లాడిన ఆఖరి మాట అది.

లారీ వెనక్కి రావడం మొదలుపెట్టింది. హారను కొట్టింది. కారును ఒక గజం ముందుకు తోస్తే చాలు. ఓబుళేశు కారు ముందు వంగి బండముక్క లాగాడు. బొజ్జన్న ఎప్పటిలాగే కిటికీలోంచి చెయ్యి పెట్టి హ్యాండుబ్రేకు దించాడు. చాప కింద టక్ మంది.

కారు వెళ్ళింది. వేగంగా కాదు, ముసలాయన నడిచినంత మెల్లగా. ఓబుళేశు చేతిలో బండముక్కతో లేచి నిలబడుతున్నాడు. అతని వీపు బండల వరసకు తగిలింది. ముందున్న రెండు బండలు కదిలాయి. వెనకవి ఒక్కొక్కటిగా, పుస్తకంలో కాగితాలు తిప్పినట్టు, అతని వైపు వాలాయి. కేక లేదు. పొడి లేచింది.

పొడి అణగేటప్పటికి ఇంజను నడుస్తూనే ఉంది. ఏసీ చల్లటి గాలి కిటికీలోంచి వస్తూనే ఉంది. కారు బండలను ఇంకా నెడుతూనే ఉంది. ఇద్దరు హమాలీలు తలుపు తీసి ఆపడానికి లోపల క్లచ్చు కోసం వెతికారు. శ్రీవిద్య పరుగెత్తుకొచ్చి ఇంజను ఆపే బటను నొక్కేదాకా అది ఆగలేదు.

బొజ్జన్న పోలీసుల ముందు ఒకటే మాట చెప్పాడు. "నేను తోయలేదు సార్. చెయ్యి పెట్టినా, అంతే. లోపల ఎవరో తొక్కినట్టు పోయింది." ఆ మాట రాసుకోలేదు. మతి చెడి మాట్లాడుతున్నాడన్నారు. ఇప్పుడు ఆ మనిషి యార్డులో ఏ బండిని దాటాలన్నా చుట్టూ తిరిగి, వెనక నుంచి పోతాడు.

ఇది జరిగి మూడు నెలలు. ఇక చెయ్యాల్సింది వినండి. డ్రైవరు అజాగ్రత్త అన్న వాక్యం కొట్టెయ్యండి. పది రోజుల పరీక్ష పెట్టినట్టు రాఘవేంద్రప్రసాద్ తన చేత్తో రాసి సంతకం పెట్టాలి. కొత్త బండి అమ్మేవాడు నవ్వి పంపించకుండా, పాత డ్రైవరు కాలు పాతది మరిచేదాకా పక్కన కూర్చుని నేర్పాలి, ఎన్నాళ్ళు పట్టినా సరే. లోపల డ్రైవరు లేని బండి మీద ఏ హమాలీ చెయ్యీ పడకూడదు, లారీ అరగంట ఆగినా సరే. ఇవి చేసేదాకా హమాలీలం మేము లోడెత్తం.

అన్నిటికంటే ముందు ఒక పని ఉంది. ఫ్యాక్టరీ వెనక రేకుల షెడ్డులో ఆ కారు ఉంది. శ్రీవిద్య దాన్ని మళ్ళీ ముట్టలేదు. బొజ్జన్న చెయ్యి పెట్టిన అద్దం దించి ఉన్నట్టే ఉంది. మూడు నెలల రాతిపొడి సీట్ల మీద, స్టీరింగు మీద, చాప మీద వేలు మందాన పేరుకుంది. రండి, తలుపు తీసి లోపలికి వంగి చూడండి. క్లచ్చు ఉండాల్సిన చోట రబ్బరు చెప్పు, ఎడమది, బొటనవేలి కింద గుండ్రంగా అరిగినది, ముందు భాగం కిందికి వంగి ఉంది, దాని మీద మాత్రం పొడి లేదు.